గిటార్ కడుపులో చీటీ

ఫిబ్రవరి 4

ఈ నోటుబుక్కు కొలతలు రాసుకోవడానికి కొన్నాను. పైపలక మందం రెండున్నర మిల్లీమీటర్లు. కొలతలు అయిపోయాయి. మిగిలిన పేజీలో నా గోడు రాసుకుంటాను. ఇంట్లో వినే నాథుడు ఎలాగూ లేడు.

ఇవాళ ఒకాయన పాత గిటార్ బాగు చెయ్యమని తెచ్చాడు. పదకొండేళ్ళ కిందట నేను చేసిందే. కర్ర ఏరింది నేను, కోసింది నేను, పక్కలు వంచుతూ రెండు వేళ్ళు కాల్చుకుంది నేను. ఆ మచ్చ ఇంకా ఉంది. ఆయన గిటార్ పొట్ట మీది గుండ్రటి రంధ్రంలోకి (మా కొట్లో దాన్ని కన్ను అంటాం, ఆయన "బొక్క" అన్నాడు) తొంగిచూసి, లోపల అతికించిన చీటీ చదివి, "ఆహా! పెద్దాయన చేతిపని. ఇప్పుడెవరు చేస్తున్నారండీ ఇలా?" అన్నాడు.

"ఎవరూ చెయ్యట్లేదండీ," అన్నాను. ఏమనమంటారు?

ఇరవై రెండేళ్ళుగా ఈ కొట్లోంచి వెళ్ళిన ప్రతి గిటార్ కడుపులోనూ మామయ్య పేరే.

ఫిబ్రవరి 5

అడిగాను. ఏడాదికోసారి అడుగుతాను, ఏడాదికోసారి అదే జవాబు.

"నేను చేసినదానికంటే బాగా మోగిన రోజున పెట్టుకోవయ్యా నీ చీటీ. నాదేం పోయింది?"

ఆయన మా ఆవిడ నాన్న. నాకు పని నేర్పిన గురువు. మా కొట్టు మీద గదిలో కాపురం. మూడూ ఒక్కరే కావడంతో ఏ వైపునుంచీ తప్పించుకునే దారి లేదు. చేతులు వణికి ఉలి కిందపెట్టి పన్నెండేళ్ళయింది, చెవి మాత్రం పాముచెవి. కింద నేను తీగ మీటితే చాలు, పైనుంచి చేతికర్రతో నేలని పొడుస్తారు. ఒకసారి పొడిస్తే బాగాలేదని. రెండుసార్లు పొడిస్తే అస్సలు బాగాలేదని. బాగుందనడానికి ఎన్నిసార్లు పొడవాలో మేమింతవరకూ అనుకోలేదు, అవసరం పడలేదు.

అసలు ఆయనకి గిటార్ అంటేనే చిన్నచూపు. ఆయన ల్యూట్ మనిషి, గిటార్‌కి ముత్తాత లాంటి పాత తీగవాయిద్యం అది. నిలువునా కోసిన బేరిపండు లాంటి వీపు, వెనక్కి విరిచిన తల, కన్ను ఉండాల్సిన చోట పైపలకలోనే చెక్కిన పువ్వు. "దీనికి నడుం ఎందుకు లేదో తెలుసా?" అని నా పెళ్ళిచూపుల్లో అడిగారు. తెలియదన్నాను. "సంగీతానికి నడుంతో పనిలేదు కాబట్టి. గిటార్‌కి నడుం పెట్టింది ఒళ్ళో కుదురుగా కూర్చోడానికి, నలుగురూ చూసి మురవడానికి," అన్నారు. ఆ రోజు అమ్మాయిని సరిగా చూసే వ్యవధే ఇవ్వలేదు.

ఫిబ్రవరి 9

కొత్త గిటార్ మొదలుపెట్టాను. గోళ్ళ మాస్టారి కోసం. సంగీతం చెప్పుకుంటూ బతికే మనిషి, కుడిచేతి గోళ్ళు పెంచి వాటిని కంటికి రెప్పలా కాపాడుకుంటాడు. తలుపు కూడా మోచేత్తో నెడతాడు.

ఈ గిటార్‌తో తేలిపోవాలి. నా సిద్ధాంతం మీద నాకు నమ్మకం ఉంది. పైపలక అడుగున సన్నటి కర్రపట్టీలు అతికిస్తాం కదా, మోతంతా వాటిలోనే ఉంది. సన్నతీగల వైపు ఒక పట్టీ ఎక్కువ వెయ్యాలి, అటు పలక బిగువుగా ఉండి గొంతు తేటగా వస్తుంది. లావుతీగల వైపు వదులుగా వదిలెయ్యాలి, అటు గొంతు నిండుగా వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇలాగే చేస్తున్నాను. ఇంతవరకూ పైనుంచి కర్రపోటే జవాబు. తప్పు పట్టీలది కాదు, వాతావరణానిది.

ఫిబ్రవరి 14

పక్కలు వంచాను. వేడి గొట్టం మీద తడి చెక్క పెట్టి వంచుతున్నప్పుడు మనిషి ప్రాణం అరచేతిలో ఉంటుంది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ వచ్చి కంటి చుట్టూ వేసే కొత్తరకం ఉంగరం గురించి ఏదో అడిగింది. ఊఁ అన్నాను.

ఉంగరం, దానికి తగ్గట్టు కన్ను కొయ్యడం, అంచులు, మెరుగు ఆవిడ పని. మోత సంగతి నాది, ముస్తాబు సంగతి ఆవిడది. ఈ పంపకం మేం చేసుకున్నది కాదు. ఆవిడ చిన్నప్పుడే మామయ్య తేల్చేశారు, ఆడపిల్ల చేతికి ఉలి ఎందుకు, కుంచె చాలని. కుంచెతో ఆవిడ చేసేది చూస్తే కళ్ళు చెదురుతాయి, కాదనను. కానీ మనిషిలో ఒక జబ్బుంది. ఎక్కడ ఏది వంకరగా ఉన్నా సహించదు. పక్కింటికి చావు పలకరింపుకి వెళ్ళి గోడమీది పటం సరిచేసి వచ్చింది.

ఫిబ్రవరి 17

పట్టీలు అతికించాను. ట్రేసింగ్ కాగితం మీద గీసుకున్న నా బొమ్మని కిటికీ వెలుగుకి పట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి చాలాసేపు చూసుకున్నాను. మనం గీసిందే అయినా మెచ్చుకోవాలి మరి.

మార్చి 3

మా ఆవిడ మెరుగు పూస్తోంది. నాకు చెయ్యడానికేం లేదు.

మార్చి 28

తీగలు బిగించాను. మొదటి తీగ మీటాను. పైకి చూశాను.

చప్పుడు లేదు.

లావుతీగ మీటాను. కొట్లో గాజు సీసాలు ఒక్కసారి జిల్లుమన్నాయి. చప్పుడు లేదు. ఆరు తీగలూ ఒక్కసారి వాయించాను. పైన కుర్చీ జరిగింది. తర్వాత మెట్లమీద అడుగులు. మామయ్య కిందికి దిగి ఎన్నాళ్ళయిందో, మోకాళ్ళ నొప్పులని అన్నం కూడా పైకే తెప్పించుకుంటారు.

గోళ్ళ మాస్టారికి కబురు పెడితే పరుగున వచ్చాడు. మామయ్య కళ్ళు మూసుకుని అరగంట విన్నారు. చివరికి, "ఇది మోగింది," అన్నారు.

నా కాళ్ళు నేలమీద లేవు. వెంటనే ఆయన, "ఒక్కటి మోగితే గాలివాటం. ఇంకోటి ఇలాగే చేసి వినిపించు. అదీ మోగితే చీటీ నీది," అన్నారు.

మాట ఇచ్చారు. గోళ్ళ మాస్టారు సాక్షి. మా ఆవిడ కూడా సాక్షే, కానీ ఆవిడ అప్పుడు చాపని గోడకి సమానంగా సర్దుతోంది.

మార్చి 29

చీటీలు అచ్చు వేయించాను. రెండు వందలు.

తొందరేం కాదు. అచ్చాయనకి ఖాళీ దొరికింది.

మార్చి 31

ఒకచోట జిగురు కారిందేమోనని అనుమానం వచ్చి, చిన్న దీపమూ, పుల్లకి కట్టిన అద్దమూ కంట్లోంచి లోపలికి దింపి చూశాను. జిగురు కారలేదు.

ఎక్కువ పట్టీ లావుతీగల వైపు ఉంది.

దీపం దగ్గరికి జరిపి మళ్ళీ చూశాను. తర్వాత గుర్తొచ్చింది, అద్దంలో కుడి ఎడమ అవుతుంది కదా! హమ్మయ్య అనుకుని టీ తాగడానికి కూర్చున్నాను. సగం టీ తాగాక ఒక ఆలోచన వచ్చింది. లేచి, గోడకి వేలాడుతున్న పాత గిటార్‌లోకి అదే దీపం, అదే అద్దం దింపాను. అందులో ఎక్కువ పట్టీ సన్నతీగల వైపే కనిపించింది.

మిగిలిన టీ తాగలేదు.

కాగితం ఇటు తిప్పి అటు తిప్పి మురిసిపోయి, చివరికి తిరగేసిన వైపే పలక మీద పరిచాను. పైగా పలక బోర్లా ఉంటుంది కాబట్టి కళ్ళకి ఏమీ తేడా తెలియలేదు. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక్క మంచి గిటార్ నేను తిరగేసి చేశాను.

ఏప్రిల్ 2

ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 3

నిజం చెప్పుకోవాలంటే, ఆ రోజు కాగితం తిప్పినప్పుడు నా మనసులో ఏదో మెదిలింది.

ఏప్రిల్ 6

ఎక్కువ పట్టీ అటువైపు వేస్తే ఎలా ఉంటుందా అని నేను లోగడ అనుకున్నట్టే గుర్తు.

ఏప్రిల్ 9

ఈ సిద్ధాంతం మీద నేను చాలా ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. లావుతీగలకి బలం ఎక్కువ కాబట్టి పట్టీ అటే ఉండాలి. చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. గోళ్ళ మాస్టారికి వివరించాను. ఆయన గోళ్ళు రాసుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"మరి ఇరవై రెండేళ్ళుగా ఇటువైపు వేసినవాటి సంగతేంటి మేస్త్రిగారూ?"

"అవి దీనికి సాధన అన్నమాట."

"అబ్బో, పెద్ద సాధనే," అన్నాడు.

ఏప్రిల్ 12

మా ఆవిడ వాళ్ళ అక్కకి మోకాలి ఆపరేషన్. రెండు నెలలైనా తోడుండాలట, మా ఆవిడ ఇవాళ బస్సెక్కింది. వెళ్తూ వెళ్తూ, "ఉంగరం నేనొచ్చాక వేస్తాను, ఆగండి," అంది.

ఎందుకు ఆగాలి? గుండ్రమే కదా.

ఏప్రిల్ 20

రెండో గిటార్. అదే దుంగలోంచి కోసిన పలక, అదే మందం. ఈసారి పట్టీలు కావాలనే తిరగేసి వేశాను. కావాలని చేస్తే పని ఎంత హాయిగా ఉంటుందో!

కన్ను పాత అచ్చు పెట్టి కోశాను. చుట్టూ మొదటిదానికి ఉన్నట్టే నల్లముక్క, తెల్లముక్క, నల్లముక్క, తెల్లముక్క. ముప్పై అయిదు పట్టాయి. చివర్లో రెండు నల్లవి పక్కపక్కన పడ్డాయి. తీగలు నొక్కే మెడపలక కిందికి తోసేశాను. పైన మూత పడుతుంది, ఎవడు చూడొచ్చాడు?

ఏప్రిల్ 27

మామయ్యకి ఈ రెండు వారాలుగా నేనే వండిపెడుతున్నాను. ఇవాళ వంటకి కూడా పైనుంచి రెండుసార్లు పొడిచారు.

జూన్ 12

తీగలు బిగించాను. లావుతీగ మీటాను.

ఠక్.

సన్నతీగ మీటాను.

ఠక్, ఠక్.

జూన్ 13

తేమ.

జూన్ 14

తేమ కాదు. జిగురు కొత్త డబ్బాది.

జూన్ 15

గోళ్ళ మాస్టారి చేత వాయింపించాను. ఆయన బొటనవేలి గోరు మొన్న విరిగిందట, అతికించుకున్నాడు. అదీ సంగతి. విరిగిన గోరుతో ఏ గిటార్ మోగుతుంది? ఆ మాటే అంటే ఆయన నొచ్చుకుని, ఏమీ మాట్లాడకుండా అదే గోరుతో మొదటి గిటార్ తీసి వాయించాడు. అది గంటలా మోగింది.

జూన్ 16

ఇది పెట్టెలా ఉంది. రేగుపళ్ళు పోసుకోవచ్చు.

జూన్ 18

మా ఆవిడ వచ్చింది. సంచీ కూడా కిందపెట్టలేదు. గుమ్మంలోనే ఆగిపోయి, "ఏవండీ, దీని కన్నేంటి ఇలా ఉంది? ఎవరో బెదిరించినట్టు గుడ్లప్పగించి చూస్తోంది," అంది.

"ఎప్పుడూ ఉండే కొలతే."

"పోయినసారి తగ్గించాం కదా?"

"ఎవరు తగ్గించారు?"

"నేనే. మీతో చెప్పే తగ్గించాను. నల్లా తెల్లా ముక్కలు ముప్పై అయిదు పడుతున్నాయి, రెండు నల్లవి ఒకేచోట వస్తున్నాయి, ముప్పై నాలుగు చేస్తే సరిపోతాయి, కానీ ఉంగరమూ కన్నూ నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతాయి, చెయ్యనా అన్నాను. మీరు ఊఁ అన్నారు."

"మెడపలక కింద దాచెయ్యొచ్చుగా! ఎవరికి కనబడుతుంది?"

"కనబడకపోతే? అక్కడ ఉందని నాకు తెలుసుగా," అంది. అని నా రెండో గిటార్ మెడ వైపు చూసింది. పైన మెడపలక మూసే ఉంది, అయినా చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

జూన్ 19

ఈ నోటుబుక్కు వెనక్కి తిప్పాను. ఫిబ్రవరి 14. ఊఁ అని నా చేతిరాతే.

జూన్ 20

మా ఆవిడ రంగులు కొనడానికి బజారుకెళ్ళింది. అట్టతో ఒక ఉంగరం కత్తిరించాను. చీటీలు వచ్చిన డబ్బా అట్టే దొరికింది, మరేదీ చేతికి రాలేదు. అట్టుంగరాన్ని రెండో గిటార్ కంట్లో ఇరికించి, కన్ను నాలుగు మిల్లీమీటర్లు చిన్నది చేశాను. లావుతీగ మీటాను.

సీసాలు జిల్లుమన్నాయి. పైన కుర్చీ జరిగింది.

ఎంత సులువు! కన్ను తగ్గితే లోపలి గాలి నిదానంగా ఊపిరి పీలుస్తుంది, అడుగు స్వరాలకి బలం వస్తుంది. మామయ్య ల్యూట్‌లో నిండా చెక్కిన పువ్వు చేసేపని కూడా అదే. నేను దాన్ని ఇన్నేళ్ళూ ముస్తాబు అనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. గోడమీది పాత గిటార్ తీశాను, పట్టీలు పాత పద్ధతిలో, సరైన వైపు ఉన్నది. దాని కంట్లో అట్ట పెట్టి మీటాను. అదీ మోగింది. అంతే బాగా మోగింది. అంటే నా పట్టీ ఇటున్నా ఒకటే, అటున్నా ఒకటే. అది ఏ వైపుందో వినేవాడి చెవికి తెలియదు, నాకు తప్ప ఎవరికీ పట్టదు.

ఇరవై రెండేళ్ళు.

జూన్ 21

అన్నం సయించలేదు. వంట మా ఆవిడదే అయినా.

జూన్ 22

బాగా ఆలోచించాను. ఈ సంగతి తెలిసింది నా ఒక్కడికే. మా ఆవిడకి కన్ను తగ్గిందని తెలుసు, దానివల్ల మోగిందని తెలియదు. మామయ్యకి మోగిందని తెలుసు, ఎందుకో తెలియదు. నేను నోరు విప్పకపోతే అబద్ధం ఆడినట్టు కాదు. అయినా కన్ను తగ్గించాలన్న నిర్ణయం ఇద్దరిదీ. ఊఁ అన్నది నేనే కదా?

జూన్ 23

"రెండోదానికి కూడా కన్ను తగ్గిద్దాం," అన్నాను. "చూడ్డానికి బాగుంటుంది."

మా ఆవిడ నావైపు ఎలా చూసిందో రాయడం చేతకాదు. అందం కోసం ఒక పని చేద్దామని పెళ్ళయ్యాక నేను అడగడం ఇదే మొదటిసారట. ఆ సాయంత్రమంతా పాట ఒకటి కూనిరాగం తీస్తూ నల్లకర్రతో లోపలి ఉంగరం చెక్కింది. అట్టకన్నా పల్చగా, వెంట్రుకవాసి తేడా లేకుండా. మెడపలక కూడా ఊడదీసి, దాచిన రెండు నల్లవాటి మధ్య ఒక సన్నటి తెల్లగీత పెట్టి మళ్ళీ మూసేసింది. ఎవరికీ కనపడని గీత.

నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఇంత సంతోషంగా ఉంది, ఇప్పుడెందుకు పాడుచెయ్యడం అనుకున్నాను.

చదువుకుంటే నాకే నవ్వొస్తోంది. చెప్తే ఆవిడ సంతోషం ఎందుకు పాడవుతుంది? పాడయ్యేది ఎవరిది?

జూన్ 27

రేపు ఆదివారం మామయ్య వింటారు. చీటీల కట్ట విప్పి పైదానిమీద దుమ్ము తుడిచాను.

జూన్ 28, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్న పదింటికి మామయ్య దిగారు. గోళ్ళ మాస్టారు రెండు గిటార్లూ మార్చి మార్చి వాయించాడు. మామయ్య గోడవైపు తిరిగి కూర్చున్నారు, ఏది ఏదో చూడకుండా ఉండటానికి. అరగంటయ్యాక ఇటు తిరిగి, "తెచ్చుకోవయ్యా నీ చీటీ," అన్నారు.

తెచ్చాను. జిగురు కుంచె చేతిలోకి తీసుకున్నాను. గోళ్ళ మాస్టారు, "రహస్యం ఏంటి మేస్త్రిగారూ? ఆ తిరగేసిన పట్టీలేనా?" అన్నాడు. మామయ్య చెవులు రిక్కించారు. ఊఁ అంటే అయిపోయేది. ఊఁ అనడం నాకేం కొత్త?

అప్పుడు మా ఆవిడ నా చేతిలోంచి చీటీ తీసుకుని చూసింది. "మీ పేరు మధ్యకి లేదండీ. కుడివైపుకి జరిగింది," అంది. తర్వాత చీర చెంగుతో ఆ చీటీని ఒకసారి తుడిచి, "అయినా ఎంత బాగుందో! ఎన్నాళ్ళకి," అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నా పేరు చూసి.

ఇంక నా వల్ల కాలేదు.

"మామయ్యా, ఇది నా పనితనం కాదు," అన్నాను. "పట్టీలు పొరపాటున తిరగేశాను. దానివల్ల మోగలేదు. కన్ను తగ్గినందుకు మోగింది. తగ్గించింది మీ అమ్మాయి. నాకు తెలియను కూడా తెలియదు. ఎనిమిది రోజుల కిందట తెలిసింది, తెలిసి కూడా దాచాను."

ముందు తేరుకున్నది మామయ్యే.

"పట్టీలు తిరగేశావా?"

"అవును."

"కాగితం తిప్పి పరిచావా?"

"అవును మామయ్యా."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చేదాకా నవ్వారు. గోళ్ళ మాస్టారు మంచినీళ్ళు అందిస్తే అవి తాగి మళ్ళీ నవ్వారు. "ఇరవై రెండేళ్ళు నా బుర్ర తిన్నావు కదయ్యా ఆ పట్టీతో!" అన్నారు. గోళ్ళ మాస్టారు కూడా నవ్వాడు. చివరికి నేనూ నవ్వాను, చెయ్యగలిగిందేముంది?

మా ఆవిడ ఒక్కతే నవ్వలేదు. "కన్ను తగ్గిస్తే మోత మారుతుందా?" అని నన్ను అడిగింది.

"మారింది. నువ్వే మార్చావు."

మామయ్య నవ్వు ఆగిపోయింది. "ఎందుకు తగ్గించావమ్మా?"

"రెండు నల్లవి పక్కపక్కన పడుతున్నాయి నాన్నా. చూడ్డానికి బాగాలేదు."

"చూడ్డానికి," అన్నారు ఆయన. ఎగతాళిగా అనలేదు. కొంచెంసేపు కర్ర కొసతో నేలమీద గీతలు గీశారు. "నేను ల్యూట్‌కి పువ్వు చెక్కుతుంటే పక్కన కూచునేదానివి. ఎనిమిదేళ్ళుంటాయేమో. రంధ్రాలు ఇంకా సన్నగా ఉంటే బాగుంటుంది నాన్నా అన్నావు ఒకసారి."

"మూడుసార్లు అన్నాను. మూడోసారి నోరుమూసుకోమన్నారు."

"ఆఁ. అన్నాను."

"తర్వాత కుంచె ఇచ్చారు."

ఆయన నావైపు తిరిగారు. "కలం ఏదయ్యా?" అన్నారు నాతో.

ఇచ్చాను. చీటీ బల్లమీద పెట్టించుకుని, ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకుని, నా పేరుకి పైన ఉన్న ఖాళీలో మా ఆవిడ పేరు రాయడం మొదలుపెట్టారు. ఒక్కొక్క అక్షరానికి ఊపిరి బిగపట్టారు. మొదటి అక్షరం పెద్దది, రెండోది దాంట్లో సగం. అక్కణ్ణుంచి వరస పైకి ఎక్కుతూ పోయింది. చివరి అక్షరం చీటీ అంచు దాటి బల్లమీదికి వెళ్ళింది. ఈ మనిషి ఒకప్పుడు అరచెయ్యంత పలకలో నూట ఇరవై రంధ్రాల పువ్వు చెక్కాడు. నాకు చూడబుద్ధి కాక తల తిప్పుకున్నాను.

రాయడం అయ్యాక ఆయన కూడా చూసుకున్నారు. "వంకరగా వచ్చింది," అన్నారు చిన్నగా.

"పరవాలేదు మామయ్యా, ఇంకా నూట తొంభై తొమ్మిది ఉన్నాయి," అన్నాను. మా ఆవిడతో, "కొత్తది తీసుకుని నువ్వే చక్కగా రాసుకో," అన్నాను. ఆవిడ సంగతి నాకు తెలియదా?

ఆవిడ చీటీ చేతిలోకి తీసుకుంది. సిరా ఆరేదాకా నోటితో ఊదింది. తర్వాత దాన్ని నాకిచ్చి, "ఇదే అతికించండి," అంది.